బుధు మళ్ళించిన వేట

ఆ చైత్రంలో నేను చేయాల్సిన పనులు ఇవి:

గడ్డిమెట్ట మీద పచ్చ జీనువాయిల గుంపు ఉందో లేదో తెల్లవారకుండా వెళ్ళి చూడాలి.
ఉంటే, ఏ గడ్డి గింజ తింటున్నాయో ఆ గడ్డి కోసి కాగితాల మధ్య పెట్టి ఆరబెట్టాలి.
వలలు, జిగురు పుల్లలు పట్టుకుని కొత్తవాళ్ళెవరైనా తిరుగుతున్నారేమో సంతలో అడగాలి.
ఇటుకల పండగ వేటలో మెట్టకి నిప్పు పెట్టకుండా ఊరికి నచ్చజెప్పాలి.
సాయంత్రం సిగ్నల్ తగిలే బండ దాకా ఎక్కి ఫణీంద్ర సారుకి వాయిస్ మెసేజ్ పంపాలి.
పండగ రోజుల్లో కనక పిన్నితో కలిసి రోడ్డుకి అడ్డంగా కర్ర పట్టి జీపుల వాళ్ళ దగ్గర చందా అడగాలి.

ఆఖరిది పిన్ని పురమాయించింది. మిగతావన్నీ సారు పురమాయించినవి. ఒళ్ళు వంచి చేశాను. నాలుగోది కూడా చేశాననే అనుకున్నాను.

మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనే మొదట. నాన్న పోయాక నన్ను హాస్టల్లో చేర్పించి, ప్రతి సెలవుకీ వచ్చి తీసుకెళ్ళి, మళ్ళీ దింపి వెళ్ళింది బుధు చిన్నాన్న. జువాలజీలో బీఎస్సీ అయ్యాక పక్షుల మీద పరిశోధన చేసే ఒక సంస్థలో, ఫణీంద్ర సారు కింద సహాయకురాలి పని దొరికింది. పని మా కొండల్లోనే. అరకులో జీపు ఎక్కి, మలుపు దగ్గర దిగి, వాగు దాటి నడిస్తే మా ఊరు. ఊరికి పైన గడ్డిమెట్ట, మనిషిని ముంచేంత గడ్డి. జీనువాయిలు ఉండేది ఆ గడ్డిలోనే.

ఆ పేరు కూడా నేను సారు దగ్గరే నేర్చుకున్నాను. సామ చేను మీద వాలే ప్రతి చిన్న పిట్టా మాకు గింజపిట్టే. రాయి విసిరి తోలడమే తప్ప ఏది ఏదని చూసింది లేదు. సారుది విజయనగరం. మెల్లగా మాట్లాడతారు. మొదటి రోజు గడ్డిలో బోర్లా పడుకుని, బైనాక్యులర్ నా చేతికిచ్చి చెప్పారు.

"పిచుక అనకమ్మా, పిచుకల కుటుంబం వేరు. ఇది జీనువాయిల కుటుంబం. వీపు పచ్చ, పొట్ట పసుపు, పక్కల మీద చారలు, ముక్కు ఎరుపు. మన దేశంలో తప్ప ఇంకెక్కడా ఉండదు. పంజరాల కోసం పట్టి పట్టి అమ్మేశారు. ఇంత గుంపు ఒక్కచోట నేను చూసి చాలా ఏళ్ళయింది."

తొలకరి పడ్డాక అవి ఆ గడ్డిలోనే గూళ్ళు కడతాయి. చైత్రంలో గడ్డి కాలిపోతే కట్టుకోవడానికి చోటుండదు.

మా ఊళ్ళో ఇటుకల పండగంటే విత్తనాల పండగ. ఇంటింటి నుంచి చోళ్ళు, సామలు, కొర్రలు, కందులు తెచ్చి శంకుదేవుడి ముందు పోస్తారు. మగవాళ్ళు వేటకి వెళ్ళి తెచ్చిన జంతువు నెత్తురు ఒక చుక్క ఆ విత్తనాలకి తగిలిస్తారు. అప్పుడు వేట పెద్ద ఆ విత్తనాలన్నీ కలిపి, తన చేత్తో ఇంటింటికీ పంచుతాడు. అది చేతికి రాకుండా ఎవరూ దుక్కిలో గింజ వేయరు. ఇప్పుడు అడవిలో జంతువెక్కడుంది? గడ్డిమెట్ట కింద నిప్పు పెట్టి, పైన విల్లులతో కాపు కాస్తే మాత్రం ఒక కుందేలైనా బయటికి ఉరుకుతుంది.

ఆ వేట పెద్ద మా చిన్నాన్నే. పండగ ముందు సాయంత్రం అరుగు మీద కూర్చుని విల్లుకి కొత్త నార బిగిస్తున్నాడు.

"చిన్నాన్నా, ఈసారి గడ్డిమెట్ట తగలబెట్టొద్దు."

"ఏటే గుంటా, కుందేళ్ళు నీకు అర్జీ ఎట్టుకున్నాయేటి?"

"కుందేళ్ళు కాదు, గింజపిట్టలు. పచ్చగా, ముక్కు ఎర్రగా ఉంటాయి చూడు, అవి."

"సామలు తినీసే దొంగలు. ఆటి కోసమేనా నిన్ను డిగ్రీ సదివించినాను?"

లోపల పొయ్యి దగ్గర కనక పిన్ని నవ్వింది. నేను ఫోన్లో ఉన్న ఫోటో చూపించాను. ఇది వేరు, చేను మీద వాలే మిగతావి వేరు అన్నాను.

"గింజ తిన్న దొంగకి కులం కూడా సూత్తారేటి మీ సారు?"

"కులం కాదు, గోత్రం అనుకో. మనం పాంగోళ్ళం, గద్ద మనది. కిల్లో వాళ్ళది పులి. అలాగే పిట్టలకీ ఉంటాయి. ఇదీ, ఎర్రటి గింజపిట్ట ఉంటుంది చూడు, అదీ ఒకటే గోత్రం. పిచుకది వేరు."

"అయితే ఇది ఆ ఎర్రదాన్ని మనువాడదన్నమాట."

"ఆడదు."

"మరి మంచిదే. మనకంటే నయం, మనోళ్ళు సూసుకోకుండా లేచిపోతన్నారు," అన్నాడు. పిన్ని మళ్ళీ నవ్వింది. ఆయన ఫోన్ మాత్రం తిరిగి ఇవ్వలేదు. వేలితో ఆ ఫోటోని పెద్దది చేసి చూశాడు.

"తక్కువున్నాయేటి?"

"చాలా తక్కువ. ఇక్కడ కాలిపోతే ఇంకెక్కడ వెతకాలో సారుకీ తెలీదు."

విల్లు పక్కన పెట్టి నార కొసలు కొరికాడు. "సరేలే. నాను సూసుకుంటాను."

నేను పరుగున బండ ఎక్కాను. "సార్, ఊరు ఒప్పుకుంది" అని మెసేజ్ పెట్టాను. ఊళ్ళో నేను మాట్లాడింది ఒక్క మనిషితో.

వేట ఎటు వెళ్ళాలో నిర్ణయించేది కల. పండగ ముందు రాత్రి వేట పెద్ద ఒక్కడే శంకుదేవుడి గుడిసె ముందు పడుకుంటాడు. దేవుడు కలలో ఏ కొండ చూపిస్తే ఆ కొండకి మగవాళ్ళంతా మారు మాట్లాడకుండా వెళతారు. ఆ కల ఆడవాళ్ళ చెవిన పడకూడదు. అందుకే ఈ సంగతి అప్పటికి నాకు తెలియదు. ఊరి మగవాళ్ళని కూర్చోబెట్టి పిట్ట గురించి చిన్నాన్న చెప్పి ఉంటాడనుకున్నాను. నిజానికి ఆయన పొద్దున్న లేచి, కలలో ఎర్రకొండ కనబడిందని మగవాళ్ళకి చెప్పాడు.

ఎర్రకొండ మీద ఏముంది, ఎండిన తుప్పలు తప్ప. ఆ రోజు పొద్దు వాలే వేళకి వేట తిరిగి వచ్చింది. డప్పు లేదు, కేకలు లేవు. వట్టి చేతులతో వచ్చిన వేటని ఆడవాళ్ళు ఊరి మొదట్లోనే ఆపి పేడనీళ్ళు పోస్తారు. అది మా ఊరి సరదా, ఏళ్ళ తరబడి తీరని కక్షలన్నీ ఆడవాళ్ళు ఆ పూటే తీర్చుకుంటారు. చిట్టి అత్త బిందె నడుముకెత్తుకుని ముందు నిలబడింది.

"బావా, కుందేలేదీ?"

"పేనం బాగునేదంట. వొచ్చే ఏడు వొత్తానంది."

"నీ బాణం సూసి నవ్వి నవ్వి దానికి కడుపునొప్పొచ్చుంటాది," అంటూ బిందె వంచేసింది. చిన్నాన్న నెత్తి మీంచి పేడనీళ్ళు కారిపోయాయి. కనక పిన్ని చెంబుతో మెడ వెనకాల పోసింది. ఊరంతా విరగబడి నవ్వుతోంది. నేను చెంబు పట్టుకుని వెనక్కి నిలబడ్డాను. చిన్నాన్న కళ్ళు తుడుచుకుని నన్ను చూశాడు.

"నువ్వూ పొయ్యే గుంటా, బేగి పొయ్యి. ఆరిపోతే మళ్ళీ కడుక్కోనేను."

పోశాను. ఆయనా నవ్వాడు, నేనూ నవ్వాను. ఆ రాత్రి దేవుడి దగ్గర కోడిని కోసి, ఆ నెత్తురే విత్తనాలకి పెట్టారు. చిన్నాన్న స్నానం చేసి వచ్చి ఇంటింటికీ దోసిలితో పంచాడు. గడ్డిమెట్ట కాలకుండా అలాగే ఉంది.

వైశాఖం వెళ్ళేలోపు సారు మూడుసార్లు వచ్చారు. చిన్నాన్న వేటని మెట్ట వైపు రానివ్వకుండా ఎర్రకొండకి తీసుకెళ్ళాడని చెప్పాను. గుంపు ఎటూ పోలేదు. ఒక పొద్దున గడ్డి కంకుల మీద వరసగా వాలి గింజలు ఒలుచుకుంటుంటే సారు కెమెరా దించేసి ఊరికే చూస్తూ ఉండిపోయారు. దిగి వస్తూ అన్నారు: "రాజకుమారీ, ఇది మనం చేసిన పని కాదు, మీ చిన్నాన్నగారు చేసింది. పర్యావరణ దినోత్సవం నాడు మీ ఊళ్ళోనే సభ పెడదాం. ఆయనకి శాలువా కప్పుదాం. ఆయన గురించి నాలుగు మాటలు నువ్వే రాసి చదువు."

ఆ సాయంత్రం ఇంటికొచ్చి చెప్పాను.

చిన్నాన్న కత్తికి పిడి వేస్తున్నాడు. "శాలువా నాకెందుకే, ఈ ఎండలో."

"కప్పుకోవడానికి కాదు చిన్నాన్నా, గౌరవం."

"కావాలంటే అరకు వొత్తాను. మీ ఆఫీసులో కప్పమను. ఊళ్ళో వొద్దు."

"ఊళ్ళో అయితేనే కదా అందరూ చూస్తారు."

"అదేనే నాను సెప్తన్నది," అన్నాడు.

నాకు అర్థం కాలేదు. సిగ్గుపడుతున్నాడనుకున్నాను. జీవితంలో ఎప్పుడూ కుర్చీ మీద కూర్చోబెట్టి ఎవరూ పొగడలేదు కదా, అందుకనుకున్నాను.

"నేనే రాసి, మైకులో నేనే చదువుతాను చిన్నాన్నా."

కత్తి పక్కన పెట్టాడు. "నువ్వా సదివేది?"

"నేనే."

"అయితే సరే," అన్నాడు. లోపలికి కేకేశాడు, "కనకా, నా తెల్ల సొక్కా ఉతికినావేటి?"

సభ నాటికి వాన పడలేదు. రెండుసార్లు మబ్బు పట్టి తేలిపోయింది. విత్తనాలు కట్టిన ఆకుదొప్పలు ఇంటింటా చూరుకి వేలాడుతున్నాయి. బడి ముందు షామియానా వేశారు. సారు, ఇంకో ఇద్దరు సంస్థవాళ్ళు కుర్చీల్లో కూర్చున్నారు. మధ్య కుర్చీలో తెల్లచొక్కాతో చిన్నాన్న. ఊరంతా వచ్చి చాపల మీద కూర్చుంది. ముందు వరసలో సోంబరు తాత. ముహూర్తాలు చూసేది, విత్తనాల పూజ చేయించేది ఆయనే. దిసారి అంటాం.

శాలువా కప్పారు. చప్పట్లు కొట్టారు. చిట్టి అత్త వెనకనుంచి, "పెళ్ళికొడుకులా ఉన్నావు బావా," అంది. అందరూ నవ్వారు. నేను మైకు ముందుకెళ్ళాను. రాత్రంతా దిద్ది దిద్ది రాసుకున్న మాటలు.

"పాంగి బుధు గారు వేట పెద్దగా ఉండి, పచ్చ జీనువాయిల నివాసం కాలిపోకూడదని ముందే నిర్ణయించుకున్నారు. వట్టి చేతులతో తిరిగి రావలసి వస్తుందని తెలిసి కూడా, వేటను గడ్డిమెట్ట వైపు పోనివ్వకుండా ఎర్రకొండకు మళ్ళించారు."

'ముందే నిర్ణయించుకున్నారు' అన్న మాట నాకు చాలా నచ్చింది. దాన్ని కొంచెం గట్టిగా చదివాను.

చప్పట్ల కోసం ఆగాను. సారువాళ్ళు కొట్టారు. చాపల మీద ఎవరూ కదల్లేదు. మగవాళ్ళంతా నన్ను కాదు, చిన్నాన్నని చూస్తున్నారు.

సోంబరు తాత కూర్చున్న చోటినుంచే అడిగాడు. గొంతు పెంచలేదు.

"మరి కల, బుధూ?"

ఫణీంద్ర సారు నా వైపు వంగి, "కల ఏంటి?" అన్నారు. నాకూ తెలియదు.

చిన్నాన్న లేచాడు. పిల్ల తప్పు రాసిందని ఒక్క మాట అంటే సరిపోయేది. పిట్టే కలలోకొచ్చిందన్నా నమ్మేవాళ్ళు. ఆయన శాలువా తీసి, జాగ్రత్తగా మడతపెట్టి కుర్చీలో పెట్టాడు.

"కల రానేదు మావా. గుంట అడిగింది."

తాత తువ్వాలు దులుపుకుని లేచాడు. వెనకాల ఒకరొకరుగా అందరూ లేచారు. బూందీ పొట్లాలు బల్ల మీద అలాగే ఉండిపోయాయి.

మర్నాడు పొద్దున్న చిట్టి అత్త మా వాకిట్లోకి వచ్చింది. చేతిలో ఆకుదొప్ప. చిన్నాన్న చేతి మీదుగా తీసుకున్న విత్తనాలు. అరుగు మీద పెట్టింది.

"ఏటనుకోకు కనకక్కా. పిల్లలున్నోళ్ళం."

"అనుకోనులే," అంది పిన్ని.

తర్వాత కొర్రా వాళ్ళు, ఆ తర్వాత కిల్లో వాళ్ళు. మధ్యాహ్నానికి అరుగు నిండా దొప్పలు. ఎవరూ తిట్టలేదు, ఎవరూ లోపలికి తొంగి చూడలేదు. ఇంటాయన ఉన్నాడా అని కూడా అడగలేదు. పిన్ని ఒక్కొక్క దొప్పా విప్పి, చోళ్ళు ఒక చాటలో, సామలు ఒక చాటలో వేరు చేస్తోంది. పక్కన కూర్చుని నేను ఏడుస్తున్నాను.

"ఏడుపొత్తే అవతలికి పో. ఇత్తనాలు తడవకూడదు," అంది.

నేను లేచి సోంబరు తాత ఇంటికి వెళ్ళాను. కల సంగతి నాకు చెప్పింది ఆయనే. ఇక దాచడానికేముందని చెప్పాడు.

"తాతా, తప్పు నాది. అడిగింది నేను."

"అడగడం తప్పేటే? ఇంట్లో పిల్లవి, ఇంటోడిని అడిగినావు."

"మరి చిన్నాన్నని..."

"కుందేలు పడనేదని ఎవడేడిసినాడు? పేడనీళ్ళు పోసుకున్నాం, నవ్వుకున్నాం, కోడిని కోసుకున్నాం. అలాటి ఏళ్ళు ఎన్ని సూడనేదు? కానీ ఆడు కలని సెప్పినాడు. రేపు ఇంకెవడికి కలొచ్చినా, ఇది దేవుడు సూపించిందా, ఎవరో అడిగింది సెప్తన్నాడా అని ఆడి మొకం సూడాలి కదా." చుట్ట వెలిగించుకోబోయి ఆపేశాడు. "ఆ పిట్ట మాటేదో మాతోనే సెప్పుంటే, మేం కాదంటామేటి? ఒక్క మెట్ట. ఒగ్గేసి ఇంకో కొండకి ఎల్తాం. మమ్మల్ని ఎందుకడగనేదే?"

జవాబు నా దగ్గర ఉంది. వీళ్ళకి పిట్ట సంగతి ఏం అర్థమవుతుందిలే, చిన్నాన్న చెబితే వింటారు చాలు అనుకున్నాను. తల దించుకుని ఆయన అరుగు మీది మట్టిని వేలితో గీస్తూ కూర్చున్నాను. ఆయన రెండోసారి అడగలేదు.

విత్తనాల పూజ మళ్ళీ చేశారు. ఈసారి చిన్నాన్న స్థానంలో దేవుడి ముందు పడుకోవడానికి రవిబాబు అనే కుర్రాణ్ణి పిలిచారు. వాడికి కొత్త. ఎటు తల పెట్టి పడుకోవాలో, పొద్దున్న లేచి ముందు ఎవరితో మాట్లాడాలో చిన్నాన్నే వాళ్ళింటికి వెళ్ళి చెప్పి వచ్చాడు. పంచేటప్పుడు కనక పిన్ని కూడా అందరితోపాటు వరసలో నిలబడింది. ఆవిడ దొప్పలోనూ దోసిలి నిండా పోశారు. వెలి వేయడాలు మా ఊళ్ళో లేవు. చిన్నాన్నతో పలకరింపులూ మానలేదు. కాకపోతే దేని గురించీ ఆయన్ని అడగడం మానేశారు. పొలం హద్దు దగ్గర తగువొచ్చినా, పిల్లకి సంబంధం చూడాలన్నా ముందు మా అరుగు మీదికి వచ్చేవాళ్ళు. ఇప్పుడు మా వాకిలి దాటి వెళుతుంటే వాళ్ళ నడక కొంచెం వేగంగా ఉంటుంది.

తొలకరి పడింది. మా చేను దున్నడం అయ్యాక చిన్నాన్న చింతపల్లి కాఫీ తోటల పనికి బయలుదేరాడు. అంతకుముందు ఎప్పుడూ ఊరు దాటి కూలికి వెళ్ళినవాడు కాదు. మలుపు దగ్గర జీపు కోసం నిలబడ్డాం. సంచి నా చేతిలో ఉంది.

"నేను ఈ పని మానేస్తాను చిన్నాన్నా."

"పిట్టేటి సేసింది నిన్ను?"

"పిట్ట కాదు."

"మరింకేటి. మెట్ట మీదకి ఎవరెల్తారు నువ్వెల్లకపోతే? గూళ్ళు కట్టినాయా?"

"కట్టాయి. నిన్న చూశాను."

"మరి సూసుకో." జీపు వస్తున్న శబ్దం విని సంచి తీసుకున్నాడు. లోపల జనం సర్దుకుంటుంటే ఒక కాలు మెట్టు మీద పెట్టి వెనక్కి తిరిగాడు.

"ఆ రోజు బాగా సదివినావే. మైకులో నీ గొంతు ఎనకదాకా ఇనబడింది."

జీపు వెళ్ళిపోయాక చాలాసేపు అక్కడే ఉన్నాను. ఆయన ఎగతాళికి అనలేదు. నన్ను చదివించిన మనిషి, నేను చదవడం విన్నాడు. అంతే. అది తలుచుకుంటే ఇప్పటికీ ఎవరి మొహమూ చూడలేను.

మరుసటి చైత్రంలో నేను ఊరందరినీ కూర్చోబెట్టి అడిగాను. తాత చెప్పినట్టే, ఎవరూ కాదనలేదు. మెట్ట కింద ఇప్పుడు సంస్థవాళ్ళ బోర్డు ఉంది. పిట్ట పేరు, కుటుంబం, ఎందుకు కాపాడుకోవాలో దాని మీద ఉంటాయి. రాసింది నేనే. చిన్నాన్న తన పేరు వద్దన్నాడు, వేయలేదు. మా వైపు వచ్చి, గడ్డి కంకి మీద ఆ పచ్చటి పిట్ట ఊగుతూ కనిపిస్తే మీరు ఫోటో తీసుకుంటారు, బోర్డు చదువుతారు. చదివాక ఒక్క నిమిషం ఆగి, ఆయన్ని కూడా తలుచుకోండి. పాంగి బుధు. మా ఊరి వేట పెద్ద.